తొడగకపోతే తెలియదు, తొడిగితే తీసుకోరు

కొత్త బూట్లలో లోపం బయటపడి షాపుకి తీసుకెళ్తే ముందుగా వినిపించే మాట "వాడేశారు కదా మేడమ్" అని. వాడక ఏం చెయ్యాలి? బూట్లు కొన్నది నడవడానికే. మిక్సీ అయితే కౌంటర్ మీదే ప్లగ్ పెట్టి తిప్పి చూపిస్తారు, చొక్కాకి కుట్టు ఊడి ఉంటే చేతిలోకి తీసుకోగానే కనిపిస్తుంది, బూటు సంగతి అలా కాదు, ఒంటి బరువంతా పడి, అడుగడుక్కీ వంగి, కాలి వేడీ చెమటా తగిలాకే అతుకు సరిగ్గా పడిందో లేదో తెలుస్తుంది. షాపులో అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేస్తే తెలిసేది సైజు ఒక్కటే. లోపం తెలియాలంటే తొడుక్కుని నడవాలి, నడిస్తే అది వాడిన వస్తువు అయిపోతుంది, వాడిన వస్తువుని వెనక్కి తీసుకోరు. ఈ మెలికలో ఇరుక్కుని ఎంతమంది నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోతున్నారో తలుచుకుంటే నాకు కోపం ఆగదు. అందుకే నా గొడవ మొత్తం రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను కొన్నవి రోజూ నడకకి వేసుకునే బూట్లు. పరుగు పందేలకీ కొండలెక్కడానికీ కాదు, మామూలు రోడ్డు మీద మామూలు నడకకి. కొన్న కొద్దిరోజులకే ఓ సాయంత్రం లేసులు విప్పుతుంటే కుడి బూటుకి చిటికెన వేలు వైపు, సోల్ పైభాగాన్ని కలిసే చోట, వెంట్రుక మందాన ఒక గీత కనిపించింది. మురికేమో అని గుడ్డతో తుడిచాను, పోలేదు. బొటనవేలితో సోల్‌ని కిందికి నొక్కితే ఆ గీత కాస్తా నోరు తెరిచింది, నా గోరు మొత్తం లోపలికి దూరింది. ఎడమ బూటుని కూడా సరిగ్గా అదే చోట గట్టిగా నొక్కి చూశాను. అది కదల్లేదు.

ఫోన్ టార్చ్ వేసి ఆ సందులోకి చూస్తే అసలు విషయం అక్కడ కనిపించింది. గమ్ మొత్తం సోల్ వైపే ఉండిపోయింది, పల్చటి పొరలాగా, మెరుస్తూ, ఎక్కడా తెగకుండా. పైన అప్పర్ వైపు, అంటే పాదాన్ని కప్పే పైభాగం వైపు చూస్తే నున్నగా శుభ్రంగా ఉంది, గమ్ రాసిన గుర్తే లేనంతగా. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మీకూ పనికొస్తుంది. బలంగా లాగడం వల్లో ఎక్కడో తట్టుకోవడం వల్లో సోల్ ఊడితే ఊడిన చోట ఏదో ఒకటి చిరుగుతుంది, అప్పర్ పీచు గమ్‌కి అంటుకుని వస్తుంది, లేదా గమ్ మధ్యలో తెగి రెండు వైపులా ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. ఒకవైపు మొత్తం గమ్, రెండోవైపు ఏమీ లేకుండా చక్కగా విడిపోయిందంటే అక్కడ అతుకు మొదటి నుంచీ పట్టలేదని. మామూలు నడక వల్ల అలా అవదు.

ఇది నా ఊహ కాదు, బూట్లు తయారయ్యే పద్ధతి అలాంటిది. ఇప్పుడు మనం వేసుకునే స్పోర్ట్స్ షూస్‌లో, మామూలు నడక బూట్లలో చాలావాటికి సోల్‌ని అప్పర్‌కి పట్టి ఉంచేది గమ్మే. ఒకప్పుడు సోల్ కుట్టేవారు, 1858లో లైమన్ బ్లేక్ అనే ఆయన సోల్ కుట్టే మిషన్‌కి పేటెంట్ తీసుకున్నాడు, కుట్టిన బూట్లు ఇప్పటికీ వస్తున్నాయి గానీ అవి ఎక్కువగా తోలు బూట్లు. గమ్ పట్టాలంటే అంతకుముందు కొంత పని జరగాలి. అప్పర్ అంచు పైనున్న నునుపుని గీకి గరుకు చెయ్యాలి, దుమ్ము దులపాలి, గమ్ బాగా పట్టడానికి ముందు పూసే ప్రైమర్ రాయాలి, ఆ తర్వాత రెండు వైపులా గమ్ పల్చగా రాసి ఆరనివ్వాలి, వేడి తగిలించి గమ్‌ని మేల్కొలిపి, రెండూ కలిపి ప్రెస్‌లో పెట్టి నొక్కాలి. సోల్‌ని అచ్చులోంచి తీసేటప్పుడు అంటుకోకుండా వాడే జిడ్డు లాంటి పదార్థం పూర్తిగా తుడవకపోయినా, ఒక మూల గరుకు చెయ్యడం మర్చిపోయినా, వేడి చాలకపోయినా బయటికి ఏమీ తెలియదు, బూటు మెరుస్తూనే ఉంటుంది. అక్కడ గమ్ ఉంటుంది, పట్టు ఉండదు. పైగా మనం అడుగు వేసిన ప్రతిసారీ బూటు వంగేది వేళ్లు పాదానికి కలిసే కీళ్ల దగ్గరే కాబట్టి ముందు ఊడేది ఆ చోటే. నాకు ఊడింది కూడా అక్కడే.

మర్నాడు బిల్లు, డబ్బా, బూట్లు అన్నీ పట్టుకుని షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయి బూటు చేతిలోకి తీసుకుని, నేను చూపించిన చోటు చూడకుండా, నేరుగా తిరగేసి సోల్ అడుగు చూశాడు. దుమ్ము ఉంది. "వాడేశారు కదా మేడమ్, వాడినవి ఎక్స్‌చేంజ్ అవ్వవు" అన్నాడు. నేను ఎక్స్‌చేంజ్‌కి రాలేదు బాబూ, ఇందులో లోపం ఉంది చూడు, అన్నాను. బిల్లు తిప్పి వెనక అచ్చేసిన షరతులు చూపించాడు: వాడకూడదు, ట్యాగ్ తియ్యకూడదు, డబ్బా చిరగకూడదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే ఆ షరతులు అచ్చులో ఉంటాయి, మన మాట నోట్లో ఉంటుంది. కానీ ఆ షరతులు దేని గురించో చూడండి. రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు, ఇంట్లోవాళ్లు బాగాలేదన్నారు, అలాంటప్పుడు షాపువాళ్లు తమంతట తాము ఇచ్చే వెసులుబాటు అది. దానికి వాళ్లు షరతులు పెట్టుకోవచ్చు, వాడినవి తీసుకోం అనడం న్యాయమే, ఎందుకంటే వస్తువు బాగానే ఉంది, మళ్లీ అమ్ముకోవాలి. లోపం ఉన్న వస్తువు సంగతి వేరు. అక్కడ మనం వాళ్ల దయ అడగడం లేదు, డబ్బు పుచ్చుకుని ఇవ్వాల్సిన వస్తువు వాళ్లింకా ఇవ్వలేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసి, నచ్చకపోతే మార్చే షరతుల్ని లోపం మీద కూడా రుద్దడమే ఈ గొడవలన్నిటికీ మూలం. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను, అతనికి నేర్పింది అదే, నిర్ణయం తీసుకునే అధికారం కూడా అతనికి లేదు. అందుకే అతనితో వాదించడం మానేసి మేనేజర్‌ని పిలవమన్నాను.

మేనేజర్ గారు వచ్చి చాలా మర్యాదగా మాట్లాడారు. వర్షంలో తడిపారా? లేదు. వాషింగ్ మెషీన్‌లో వేశారా? లేదు. ఎండలో ఆరబెట్టారా? లేదండీ, అసలు తడపందే ఆరబెట్టడం ఎందుకు. అప్పుడు ఆయన నా పాదం వైపు చూసి "మీకు సైజు చిన్నదయ్యుంటుంది మేడమ్, లోపల ఒత్తిడి పడి పక్కకి ఊడింది, ఒక సైజు పెద్దది తీసుకోవాల్సింది" అన్నారు. నాకు అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది, ఎందుకంటే ఈ మాట వినడానికి సబబుగా ఉంటుంది, పక్కన నిలబడ్డ కస్టమర్లు కూడా తలలూపుతారు, తప్పు మెల్లగా షాపు నుంచి మన కాలి మీదకి వచ్చేస్తుంది. అక్కడే రెండో బూటు తొడుక్కుని చూపించాను. బొటనవేలికీ బూటు ముందు కొసకీ మధ్య వేలు పట్టేంత చోటు ఉంది, పక్కల ఎక్కడా ఉబ్బు లేదు. బ్రిటిష్ సైజుల్లో ఒక సైజుకీ తర్వాత సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ సైజుల్లో అయితే సుమారు 6.7. బాగా సరిపోయిన బూటు మీద ఇంకో 8.5 మిల్లీమీటర్లు పెంచితే మడమ జారుతుంది, అడుగు అడుగుకీ వెనక లేస్తుంది. పైగా కాలి ఒత్తిడి వల్లే ఊడితే ఎడమది ఎందుకు ఊడలేదు? ఈ ప్రశ్నకి ఆయన సమాధానం చెప్పలేదు, బూటు వైపు చూస్తూ ఉండిపోయారు.

తర్వాత వచ్చింది గమ్ బేరం. "ఇక్కడే గమ్ వేసి ఇచ్చేస్తాం మేడమ్, అయిదు నిమిషాల పని." చాలామందికి ఇది మంచి పరిష్కారంలా అనిపిస్తుంది, అలసిపోయి ఉంటారు, సరే కానివ్వండి అంటారు. దయచేసి ఒప్పుకోకండి. షాపులో చేతికందే ఇన్‌స్టంట్ గమ్ ఆరాక గాజులా గట్టిపడి పెళుసవుతుంది, బూటులో ఆ చోటు అడుగడుక్కీ వంగేది, కొన్నాళ్లకే గమ్ పగిలి మళ్లీ ఊడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకసారి గమ్ వేశాక లోపం ఏమిటో చూపించడానికి మన చేతిలో ఏమీ మిగలదు. అప్పర్ నున్నగా ఉండటం, గమ్ పొర సోల్‌కే ఉండిపోవడం, అదంతా కొత్త గమ్ కింద కప్పబడిపోతుంది. రెండోసారి ఊడినప్పుడు వెళ్తే "ఎవరో బయట గమ్ వేశారు, మాకు సంబంధం లేదు" అంటారు. నేను వద్దన్నాను. "ముట్టుకోవద్దు, ఇలాగే ఉండనివ్వండి" అని బూటు వెనక్కి తీసేసుకున్నాను.

దారిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగాను. రిపేరు కోసం కాదు, చూపించడానికి. ఆయన బూటు తీసుకుని సందు తెరిచి, గోటితో అప్పర్ అంచు మీద గీసి, ఎడమ బూటు అంచు మీద కూడా గీసి చూశాడు. "గీకలేదమ్మా, గీకకుండా సొల్యూషన్ పూసేశారు, ఎట్టా పడుతుంది" అన్నాడు. ఆయన ఏ పుస్తకమూ చదివి చెప్పలేదు, రోజూ తన చేత్తో చేసే పని అది. తన దగ్గర ఉన్న పాత చెప్పు ఒకటి తీసి, ఆకురాయితో గీకిన అంచు ఎలా ఉంటుందో పక్కన పెట్టి చూపించాడు, గరుకుగా, వెలిసినట్టుగా. నా బూటు అంచు మీద ఫ్యాక్టరీ మెరుపు అలాగే ఉంది. అప్పటిదాకా నాకు అనుమానం మాత్రమే, అక్కడితో స్పష్టమైపోయింది. ఆయన కూలి అడగలేదు, నేనే ఇచ్చి వచ్చాను, ఎందుకంటే షాపులో ఎవరూ చెయ్యని పరీక్ష ఆయన చేశాడు.

ఇక కంపెనీకి పంపడం. మళ్లీ షాపుకి వెళ్తే వాళ్లు ఫోటోలు తీసి "కంపెనీ ఇన్‌స్పెక్షన్"కి పంపిస్తామన్నారు. తీసిన ఫోటోలు నేను చూశాను, ఒకటి సోల్ అడుగుది, ఒకటి దూరం నుంచి జత మొత్తం. ఊడిన చోటు ఫోటో ఒక్కటీ లేదు. నేనే ఫోన్ తీసుకుని సందు తెరిచి పట్టుకుని దగ్గర నుంచి తీశాను, గమ్ పొర కనపడేలా ఒకటి, అప్పర్ అంచు ఒకటి, పక్కన స్కేల్ పెట్టి ఊడిన పొడవు ఒకటి. సోల్ అడుగు కూడా తీశాను, కానీ వేరే కారణానికి. కొత్త రబ్బరు సోల్ అచ్చులోంచి వచ్చేటప్పుడు అంచుల్లో సన్నటి రబ్బరు వెంట్రుకలు, అచ్చు అతికిన గీతలు ఉంటాయి. నాలుగు రోజులు గట్టిగా వాడితే ముందు పోయేవి అవే. నా బూట్ల మీద అవి ఇంకా అలాగే ఉన్నాయి, గాడుల్లో చెక్కిన చిన్న అక్షరాలు కూడా పదునుగా చదవడానికి వస్తున్నాయి. దుమ్ము అంటితే వాడినట్టే, నిజమే, అరిగినట్టు మాత్రం కాదు. ఆ ఫోటోలన్నీ పంపమని చెప్పి, పంపినట్టు మెయిల్‌లో నన్ను కూడా కలపమని అడిగాను. కలిపారు, కానీ రెండు మూడుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఫోన్ చేస్తే "ఇంకా రిప్లై రాలేదు మేడమ్". మేనేజర్ గారు లీవు. ఆయన వచ్చాక ఆ అబ్బాయి లీవు. బూట్లు షాపులోనే ఉంచమన్నారు, నేను ఉంచలేదు, ఉంచాల్సొస్తే అందినట్టు కాగితం రాసివ్వమన్నాను, ఇవ్వలేదు కాబట్టి ఇంటికి తెచ్చేసుకున్నాను. చివరికి సమాధానం వచ్చింది, ఒక్క వాక్యం: ఇది తయారీ లోపం కాదు, వాడకంలో జరిగిన నష్టం. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎందుకు అలా అనుకున్నారు, ఏమీ లేదు. బూటు ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. డబ్బు పోయిందని కాదు, చూడకుండానే మనం అబద్ధం చెబుతున్నామని తేల్చేశారని.

ఆ రాత్రి కూర్చుని చట్టాలు చదివాను. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనడీ తమ కాంగ్రెస్‌కి పంపిన సందేశంలో వినియోగదారుడికి నాలుగు హక్కులు ఉండాలన్నాడు: భద్రత, సమాచారం, ఎంచుకునే వీలు, తన మాట వినిపించుకునే వీలు. మార్చి 15ని ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా జరుపుకునేది అందుకే. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకి మార్గదర్శకాలు తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టాలు దేశదేశానికీ వేరు, సారం మాత్రం దగ్గర దగ్గరగా ఉంది. యూరోపియన్ యూనియన్‌లో కొన్న వస్తువుకి కనీసం 2 ఏళ్ల చట్టబద్ధమైన గ్యారంటీ ఉంటుంది, పైగా మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మినప్పటి నుంచే ఉందని భావిస్తారు, కాదని నిరూపించాల్సింది అమ్మినవాడు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు మొత్తం అడగొచ్చు. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకా సూటిగా ఉంది: లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి.

ఇందులో నన్ను పట్టి ఆపింది ఆ యూరప్ నియమం. నిరూపించాల్సింది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. బూటు లోపల గమ్ ఎలా పూశారో నాకెలా తెలుస్తుంది? ఏ బ్యాచ్‌లో ఏ మిషన్ వేడి తగ్గిందో తెలుసుకునే వీలు నాకు లేదు, తయారు చేసినవాళ్లకి ఉంది. తెలిసినవాళ్లు ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటే, తెలియనివాళ్లు సాక్ష్యాలు మోసుకుంటూ తిరగాలా? ఏ దేశంలో ఉన్నా, చట్టంలో రాసి ఉన్నా లేకపోయినా, ఇది న్యాయం కాదు. ఇది మాత్రం నేను గట్టిగానే చెబుతాను.

మర్నాడు ఉత్తరం రాశాను. కోపంగా కాదు, తిట్లు లేవు, ఒక్క పేజీ. బిల్లు నంబరు, తేదీ. లోపం ఏమిటి: కుడి బూటు బయటి అంచున సోల్‌కీ అప్పర్‌కీ మధ్య అతుకు విడిపోయింది, విడిన చోట అప్పర్ మీద చిరుగు గానీ పీచు గానీ లేదు, గమ్ పొర మొత్తం సోల్ వైపే ఉంది, అడుగున గాడులు అరగలేదు. మీరు చెప్పిన కారణాలు: సైజు, నీళ్లు, వాడకం, వీటిలో ఒక్కదానికీ బూటు మీద గుర్తు లేదు, ఉందంటే చూపించండి. నేను కోరేది: అదే మోడల్, అదే సైజు కొత్త జత, లేదా డబ్బు మొత్తం వాపసు. గమ్ వేసి ఇవ్వడం ఒప్పుకోను. సమాధానం రాతలో, ఫలానా తేదీలోగా ఇవ్వండి, ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, స్టాంపు అడిగాను. అప్పటిదాకా నిలబెట్టి మాట్లాడిన మేనేజర్ గారు కుర్చీ చూపించారు. సంతకం పెట్టేముందు ఉత్తరం రెండుసార్లు చదివారు, ఎవరికో ఫోన్ చేసి లోపలికి వెళ్లారు. నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినని మాటలే అవన్నీ, కాగితం మీదకి ఎక్కాక మాత్రం విన్నారు. మీకు ఇలాంటిది జరిగితే మొదటి రోజే రాసివ్వండి.

బయటికొచ్చి క్రెడిట్ నోట్ ఇస్తామన్నారు. వద్దన్నాను. క్రెడిట్ నోట్ అంటే నా డబ్బు వాళ్ల దగ్గరే ఉంటుంది, దానికో గడువు ఉంటుంది, నాకు నచ్చినా నచ్చకపోయినా మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. నాకు కావాల్సింది కొన్న వస్తువు. కాసేపు మళ్లీ అదే మాట, మళ్లీ అదే సమాధానం, చివరికి సరేనని కొత్త జత తెప్పించారు.

ఈసారి నేను ఆ బూట్లని తొందరపడి సంచిలో వేసుకోలేదు, ఆ చూడ్డం కూడా చెబుతాను వినండి. ముందు డబ్బా మీద లేబుల్ చూశాను, తయారీ నెల పాత జతదే అయితే అదే లోపం మళ్లీ రావచ్చు. మరీ పాత స్టాక్ కూడా మంచిది కాదు, పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోల్ ఉన్న బూట్లు ఒక్కసారీ వేసుకోకుండా డబ్బాలోనే ఏళ్ల తరబడి ఉన్నా గాలిలో తేమకి మెల్లగా చెడి, ఓ రోజు వేసుకుని బయటికెళ్తే పొడిపొడిగా రాలిపోతాయి. తర్వాత రెండు బూట్లూ గాజు కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి వెనక నుంచి, కళ్లు కౌంటర్ ఎత్తుకి తెచ్చి చూశాను. ఎడమది నిటారుగా ఉంది, కుడిదాని మడమ భాగం లోపలికి వాలింది, వేలితో కదిపితే కౌంటర్ మీద టకటక ఊగింది. ఆ అబ్బాయి కూడా వంగి చూసి "అవును మేడమ్, వంకరగా ఉంది" అన్నాడు, తనే లోపలికి వెళ్లి ఇంకో జత తెచ్చాడు. మూడో జతకి సోల్ అంచు వెంట గోరు పెట్టి చుట్టూ తిప్పాను, ఎక్కడా దూరలేదు. వేళ్ల దగ్గర వంచి చూశాను, వంగింది, అతుకు దగ్గర గీత పడలేదు. లోపల చెయ్యి పెట్టి కుట్ల ముడులు గుచ్చుకుంటున్నాయేమో తడిమాను. రెండు సోల్‌ల పొడవు ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిచాను, ఎందుకంటే ఒకే నంబరు వేసి ఉన్నా జత కలవని బూట్లు కూడా వస్తాయి. సాయంత్రం పూట వెళ్లాను కాబట్టి కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నాయి, రెండూ తొడుక్కుని లేసులు కట్టుకుని చూశాను, ఒక్కో బూటు మాత్రమే చూసుకుని తెచ్చుకునేవాళ్లకి రెండోది ఇంటికొచ్చాక ఇబ్బంది పెడుతుంది. ఇదంతా చేస్తుంటే షాపులో ఎవరూ విసుక్కోలేదు. పక్కన బూట్లు చూస్తున్న ఒకావిడ నన్ను చూసి తన జత కూడా కౌంటర్ మీద పెట్టి వెనక నుంచి చూసుకుంది.

ఇక మిగిలింది బిల్లు. కొత్త జతకి పాత బిల్లే చాలన్నారు. చాలదు, ఎందుకంటే పాత బిల్లు తేదీ నుంచి లెక్కేస్తే గడువులో సగం నేను ఎదురుచూడటంలోనే గడిచిపోయింది, ఆ ఆలస్యం నాది కాదు. కొత్త జత నా చేతికొచ్చిన రోజు నుంచే గడువు మొదలవ్వాలి, అదే రాసివ్వమన్నాను. సిస్టమ్‌లో అలా రాదన్నారు. సిస్టమ్‌లో రాకపోతే పెన్నుతో రాయండి అన్నాను. మేనేజర్ గారు కాసేపు ఆలోచించి, పాత బిల్లు వెనక, ఆ షరతులు అచ్చేసి ఉన్న వైపే, "లోపం కారణంగా కొత్త జత ఇచ్చాం" అని రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టారు. దాని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను, ఒరిజినల్ డబ్బాలో ఉంది. బిల్లుల మీద సిరా కొన్ని నెలలకే వెలిసిపోతుంది, మీరు కూడా కొన్న రోజే ఫోటో తీసి పెట్టుకోండి.